పెండ్లికి దాచిన సొమ్ము

విద్య ధనమని మన పెద్దలు పలుమారులు చెప్పిరి. ఆ ధనము చేతికి వచ్చుటకు ముందు మరియొక ధనము చేతిలో నుండవలెనని మాత్రము వారు గట్టిగా చెప్పలేదు. గురువుగారి ఆవులను కాచి, కట్టెలు కొట్టి, ఆయన యింట నిద్రించి చదువుకొన్న కాలమున ఆ మాట యవసరము లేకపోయి యుండవచ్చును. నేడు పల్లెటూరి పిల్లవాడు సముద్రము దాటి చదువవలెనన్న, ఇంటిలో మొదట పుట్టు సంశయము వాని తెలివిని గూర్చినది కాదు, "డబ్బెక్కడిది?" అనునదే. ఈ ప్రశ్నకు ఒక్కొక్క యిల్లు ఒక్కొక్క విధమున సమాధానము చెప్పును. ఆ సమాధానమును విన్నచో ఆ యింట కుమారునకు కట్టిన విలువ యెంతో, కుమార్తెకు కట్టిన విలువ యెంతో తెలిసికొనవచ్చును. 2025వ సంవత్సరపు వేసవిలో మా యింట చెప్పబడిన సమాధానమును, అది మారిన విధమును చదువరులకు విన్నవించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది తిరువూరు ప్రాంతమందలి నెమలి గ్రామము. వేణుగోపాలస్వామి ఆలయము వలన మా యూరి పేరు నలుగురికి తెలియును. ఆంధ్రప్రదేశమునకును తెలంగాణమునకును సరిహద్దు మాకు దూరము కాదు. స్వామి దర్శనమునకు ఇరుప్రక్కల నుండియు జనులు వచ్చుచుందురు. మిరప, ప్రత్తి, మామిడి మా జీవనాధారములు. నేను పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెప్పి, పదవీవిరమణ పొంది, మా తమ్ముని యింటి ప్రక్కనే కాలము గడుపుచున్న దానను. 1980లో నేను ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో నెగ్గితిని. బెజవాడ వెళ్లి పైచదువులు చదువవలెనని కోరిక యుండెను. మా తండ్రిగారు ఒక రాత్రి నన్ను పిలిచి, "అమ్మా, మీ అన్నను ఇంజనీరింగులో చేర్పించితిని. ఇద్దరి ఖర్చు నేను మోయలేను," అని మాత్రమే అనిరి. నేను తల యూపితిని. ఆయనను నేనెన్నడును తప్పుపట్టలేదు. కాని ఆయన పోయిన పిదప భోషాణములో చీటీల కట్ట నొకదానిని చూచితిని. నా పెండ్లికై ఆయన కూడబెట్టిన సొమ్ము లెక్క అందులో నుండెను. అది నాకు మూడేండ్ల చదువునకు చాలియుండెడిది. డబ్బు లేక నా చదువు ఆగలేదు. ఆ డబ్బునకు వేరొక పేరుండుట చేత ఆగినది.

మా తమ్మునకు ఒక కుమారుడు, ఒక కుమార్తె. మేనల్లుడు బి.టెక్. ముగించి, అమెరికాలో ఎం.ఎస్. చదువునకు ఒక విశ్వవిద్యాలయమున ప్రవేశము తెచ్చుకొనెను. మేనకోడలు రసాయనశాస్త్రమున బి.ఎస్సీ. ముగించి, జర్మనీలో ఎం.ఎస్సీ.కి ఎవరితోను చెప్పకుండ దరఖాస్తు పెట్టి ప్రవేశము సంపాదించెను. మొదటి వార్తకు ఇంటిలో పాయసము వండిరి. రెండవ వార్తకు మా మరదలు, "ఇప్పుడు దీనికేమి తొందర?" అనెను.

మేనల్లుని ఖర్చు రెండేండ్లకు ఇంచుమించు 50 వేల డాలర్లు, అనగా మన సొమ్ము 43 లక్షల రూపాయలు. మా తమ్మునికి నాలుగెకరముల పొలము కలదు. పొలము తనఖా పెట్టిన బ్యాంకు వారు ఇయ్యరా యని అతడు ధీమాగా వెళ్లెను. వాడిన ముఖముతో తిరిగి వచ్చెను. కారణము చదువరులును తెలిసికొనదగినది. బాకీ చెల్లింపని యెడల తాకట్టు ఆస్తిని న్యాయస్థానమునకు పోకుండ స్వాధీనము చేసికొను అధికారమును 2002 నాటి సర్ఫేసి చట్టము బ్యాంకులకు ఇచ్చినది. వ్యవసాయభూమికి ఆ చట్టము వర్తింపదు. రైతును కాపాడుటకై పెట్టిన నియమమే ఇది. కాని దాని ఫలముగా పట్టణములో రెండు గదుల యిల్లు గలవానికి పుట్టు విద్యాఋణము, పల్లెలో పొలము గలవానికి సులభముగా పుట్టదు. ఇల్లు చూపుదమన్న, మా యిల్లు గ్రామకంఠములో నున్నది. తాతముత్తాతల నుండి అనుభవమే గాని దస్తావేజు లేదు. ఏ తాకట్టును లేకుండ సాధారణముగా వచ్చు ఋణము ఏడున్నర లక్షలు. పెద్ద పేరు గల కొన్ని విశ్వవిద్యాలయములైనచో బ్యాంకులు హామీ లేకయే అంతకు మించి యిచ్చును. మావాని విశ్వవిద్యాలయము ఆ పట్టికలో లేదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన విద్యాలక్ష్మి పథకము స్వదేశమందలి సంస్థలకే గాని విదేశములకు కాదు.

ఇక మిగిలినది వడ్డీ వ్యాపారి. మా ప్రాంతమున రెండు రూపాయల వడ్డీ యన్న నెలకు నూటికి రెండు. నలుబది లక్షలకు నెలకు 80 వేలు, ఏడాదికి 9 లక్షల 60 వేలు. అదే ఋణము బ్యాంకులో పదిన్నర శాతమునకు దొరికినచో నెలకు 35 వేలు. చదువు ముగిసిన పిదప ఇంకొక సంవత్సరము వరకు బ్యాంకు వాయిదాలు కట్టనక్కరలేదని కొందరు సంతోషింతురు. వాయిదా నిద్రించును గాని వడ్డీ నిద్రింపదు. పైగా 2014లో 61 రూపాయలకు అటునిటుగా నున్న డాలరు 2025 నాటికి 85 దాటినది. అచ్చట నుద్యోగము దొరికి డాలర్లు పంపువానికి ఇది మేలు. దొరకక తిరిగి వచ్చినవానికి మోయలేని బరువు. అప్పు చేసి పోయిన పిల్లవాడు తిరిగి రావలెనా వలదా యనునది వాని యిష్టము మీద గాని దేశాభిమానము మీద గాని ఆధారపడదు. ఆ నిర్ణయమును వడ్డీ చేయును.

ఈ సందున బెజవాడలో ఒక సలహాదారు దొరికెను. వీసా అధికారులకు చూపుటకై మా తమ్ముని ఖాతాలో కొన్నాళ్లపాటు 40 లక్షలు వేసి తిరిగి తీసికొందుననియు, దానికి కొంత రుసుము చాలుననియు అతడు చెప్పెను. "అందరును చేయునదే," అని అతని మాట. మా తమ్ముడు సగము ఒప్పుకొని వచ్చెను. నే నడిగితిని: "పిల్లవాడు పరదేశములో అడుగు పెట్టక మునుపే అబద్ధపు కాగితము మీద తండ్రి చేత సంతకము చేయించు చదువు ఎట్టి చదువురా? డబ్బున్నదని నమ్మించి పంపితివి సరే. అచ్చట దిగిన తరువాత వాడు తినునది ఆ కాగితమునా?" లేని డబ్బును చూపి వెళ్లినవాడు మొదటి దినము నుండియే అనుమతి లేని పనులకు దిగవలసివచ్చును. 2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేర అచ్చటి ప్రభుత్వమే ఉంచిన బూటకపు సంస్థలో చేరి, తరగతులకు పోకయే ఉద్యోగములు చేసికొనవచ్చునని తలచిన 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధింపబడిరి. వారిలో మన తెలుగు పిల్లలు అనేకులు. అట్లు వల పన్నుట న్యాయమా యని అచ్చటివారే వాదించిరి. ఆ వాద మెట్లున్నను, వలలో పడిన పిల్లలను అచ్చటికి తరిమినవి అప్పులే.

అంతలో ఖమ్మము వైపు నుండి ఒక సంబంధము వచ్చెను. పిల్ల తండ్రి ఉదారుడు. "మా అమ్మాయి నిచ్చుచున్నాము. అబ్బాయి చదువు ఖర్చంతయు మాదే. ఇది కట్నము కాదు సుమండీ, చదువు," అనెను. మా మరదలి కన్నులు చెమ్మగిల్లెను. స్వామి కరుణించెనని ఆమె గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చెను. 1961 నాటి చట్టము ప్రకారము కట్నమిచ్చుటయు, పుచ్చుకొనుటయు రెండును నేరములే. పేరు మార్చినంత మాత్రమున నేరము మారదు. కాని చట్టపు మాట చెప్పినచో ఇంటిలో చెవిని పెట్టువారెవరు? నేను వేరొక మాట అడిగితిని. "ఆ అమ్మాయి యేమి చదివినది?" బి.టెక్. చదివినదట, మావానికన్న మంచి మార్కులట. "మరి ఆ సొమ్ముతో ఆ అమ్మాయినే పంపరాదా?" ఇంటిలో నెవ్వరును జవాబు చెప్పలేదు. ఆ తండ్రికి బిడ్డ చదువునకు డబ్బు లేదు. బిడ్డ పెండ్లాడబోవువాని చదువునకు డబ్బున్నది.

అత్తవారి సొమ్ముతో విదేశవిద్య మన యాంధ్రులకు క్రొత్త కాదు. భీమవరమున 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డు చేరిన కథను చూడుడు. మద్రాసులో వైద్యము చదివిన ఆ పేదయింటి బిడ్డ, 1920వ దశకపు ఆరంభమున ఓడ యెక్కుటకు రెండు ఆధారములు దొరికినవి. ఒకటి మామగారు కూర్చిన ధనము. రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వాగ్దానము చేసిన సహాయము. బర్మాలో వర్తకము చేసి ఆర్జించిన ఒక మహానుభావుడు వ్రాసిపోయిన ధర్మమది. అచ్చటికి చేరిన పిదప ఆ సొమ్ము చాలక, వైద్యుడై యుండియు ఆయన బోస్టనులోని ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసి పొట్ట పోసికొనెను. తరువాత ఫిస్కే గారితో కలిసి శరీరకండరములలో శక్తి నిలువయుండు విధమును కనుగొనుటయు, ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసిను మందును వెలువరించిన పరిశోధనలను నడపుటయు లోకము నెరిగినదే. మామగారి సొమ్ము వ్యర్థము కాలేదని మనము గర్వింతుము. కాని ఆయన భార్య శేషగిరి గారు ఇచ్చటనే నిలిచిపోయిరి. 1948లో అమెరికాలోనే మరణించువరకు ఆయన తిరిగి రాలేదు. ఆ మహనీయుని నిందించుటకు నేనీ మాట అనలేదు. లోకమునకు కలిగిన లాభమును అందరును లెక్కవేసిరి; దాని మూల్యములో ఒక భాగము ఒక స్త్రీ చెల్లించినదని లెక్కలో వేసినవారు తక్కువ.

దీనికి ప్రక్కనే అంబేద్కరు గారి చదువును ఉంచి చూడుడు. 1913లో ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయినది బరోడా మహారాజు శాయాజీరావు గారి విద్యార్థివేతనముతో. చదువు ముగిసిన పిదప సంస్థానమున కొలువు చేయవలెనని దానికి షరతు. 1920లో లండనుకు మరల పోవునపుడు, బొంబాయి కళాశాలలో బోధించి మిగిల్చినది కొంత, కొల్హాపురపు శాహూ మహారాజు గారి సహాయము కొంత, నావల్ భటేనా యను పార్సీ మిత్రుని వద్ద అప్పు కొంత. ఉపకారము, షరతు, స్వార్జితము, స్నేహితుని ఋణము అను నాలుగు త్రాళ్లను పేనిన గాని ఆ చదువు నిలువలేదు. వీనిలో నొక్కటియు ఎవరి కుమార్తె మెడకును తగిలించినది కాదు.

నేటి కాలమున అట్టి త్రాళ్లు లేకపోలేదు. జంషెడ్జీ టాటా గారు 1892లో నెలకొల్పిన నిధి నేటికిని విదేశవిద్యకు ఋణరూపమున సహాయము చేయుచున్నది. పుచ్చుకొన్నవారు తిరిగి చెల్లించిన సొమ్ము తరువాతి వారికి పోవును. షెడ్యూల్డు కులముల వారికిని, భూమి లేని కూలీల బిడ్డలకును, మరికొందరికిని కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ విద్యార్థివేతనము కలదు. ఏటా 125 స్థానములు, అందు నూటికి ముప్పది స్త్రీలకు. తెలంగాణమున అంబేద్కరు గారి పేర, జ్యోతిబా ఫూలే గారి పేర విదేశీ విద్యానిధులున్నవి. ఆంధ్రప్రదేశమున 2022లో ప్రకటింపబడిన విదేశీ విద్యా దీవెన, ప్రపంచమున అగ్రశ్రేణి విశ్వవిద్యాలయములలో చేరినవారికే యని షరతు పెట్టెను. ప్రభుత్వములు మారినపుడు పథకముల పేర్లును నిబంధనలును మారుచుండును. కావున విన్న మాట నమ్మక, దరఖాస్తు పెట్టు సంవత్సరపు ఉత్తరువును స్వయముగా చదువుకొనవలెను. ఫుల్‌బ్రైట్, కామన్‌వెల్త్, చీవెనింగ్, రోడ్స్ వేతనములున్నవి. అవి కొలదిమందికే దక్కునవి, కాని అడుగనివారికి బొత్తిగా దక్కవు. అమెరికాలో పిహెచ్.డి.కి చేరినవారికి పాఠము చెప్పుట వలనగాని, పరిశోధనలో తోడ్పడుట వలనగాని ఫీజు మాఫీయై జీతము వచ్చుట పరిపాటి, ఎం.ఎస్.కు పోవువారే ఎక్కువగా సొంత సొమ్ము పెట్టుకొనుచున్నారు. మనవారు తొందరపడి ఖరీదైన ద్వారము కడ గుంపుగూడి, ఖరీదు లేని ద్వారమును చూచుట లేదు.

ఆ ఖరీదు లేని ద్వారమును మా యింట చూచినది మేనకోడలే. ఒకనాటి సాయంకాలము ఆమె నోటుపుస్తకముతో నా వద్దకు వచ్చి కూర్చుండెను. "అత్తయ్యా, లెక్క సరిచూడుము," అనెను. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు చాలవరకు ఫీజు పుచ్చుకొనవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రమున మాత్రము 2017 నుండి మనబోటి విదేశీయుల వద్ద ఆరు మాసములకు 1,500 యూరోలు తీసికొనుచున్నారు. ఆమె దరఖాస్తు అచ్చటికి కాదు. ఐనను జీవనమునకు సొమ్మున్నదని చూపవలెను. సంవత్సరమునకు 11,904 యూరోలు, ఇంచుమించు 12 లక్షల రూపాయలు, ఆమె పేరనే ఖాతాలో వేసి బంధింపవలెను. అచ్చటికి చేరిన పిదప నెలకు 992 యూరోలు చొప్పున ఆ సొమ్ము ఆమెకే వచ్చును. ఇందు అద్దెకు తెచ్చి చూపుటకు వీలు లేదు. చూపిన సొమ్మే తినవలెను. 2024 నుండి విద్యార్థి ఏడాదికి 140 పూర్తి దినములు పనిచేయుటకు చట్టము ఒప్పుచున్నది. "రెండవ సంవత్సరమునకు కొంత సంపాదింతును. తక్కువైనచో ఏడున్నర లక్షలలోపు బ్యాంకు ఋణము చాలును," అని ఆమె పుస్తకము మూసెను. ముప్పది యేండ్లు లెక్కలు చెప్పినదానను. తప్పు పట్టుటకు ఏమియు దొరకలేదు.

తరువాత మెల్లగా అడిగెను: "అత్తయ్యా, నాన్న నా పెండ్లికని 10 లక్షలు బ్యాంకులో వేసినాడట. అది నా సొమ్మే కదా? నా పెండ్లికైతే నాది, నా చదువునకైతే ఇంటిదెట్లగును?"

నలుబదియైదేండ్ల క్రిందట నాకు నోరు రాని మాట అది. మరునాటి ఉదయము ఆ మాటను మా తమ్ముని ముందు పెట్టితిని. అతనికి కోపము వచ్చెను. "అక్కా, నీవు చదివినదానవు, నీకు చెల్లును. ఆ సొమ్ము కదిలించిన తరువాత రేపు ఒక సంబంధము వచ్చినచో నే నెవరి గడప తొక్కవలెను? ఊరేమనును?" అనెను. అతని భయము నాకు తెలియనిది కాదు. మిరపకు ధర పడిపోయిన ఏడాది కూడ ఆ సొమ్మును అతడు ముట్టలేదు. అది పిసినితనము కాదు, ప్రేమయే. కాని ఆ ప్రేమకు మన మిచ్చిన దారి ఒక్కటే. అది బిడ్డను దాటి అల్లుని చేతిలో ముగియును. నే నంటిని: "తమ్ముడా, 2005 నాటి సవరణ చట్టము ప్రకారము నాయనగారి నుండి వచ్చిన ఈ పొలములో దానికిని కుమారునితో సమానముగా భాగమున్నది. అంతకు ఇరువది యేండ్ల ముందే మన రాష్ట్రము ఆ హక్కు నిచ్చినది. అది భాగమడుగుట లేదు. దాని పేర నీవు వేసిన సొమ్మును దాని పేరనే మరియొక ఖాతాలోనికి మార్చుమనుచున్నది. తక్కువైన రెండు లక్షలు నావి."

అతడు వారము దినములు మాటాడలేదు. ఆ వారములోనే అమెరికా దౌత్యకార్యాలయములు విద్యార్థుల వీసాలకు క్రొత్త ముఖాముఖీల నిచ్చుట తాత్కాలికముగా ఆపివేసినవని వార్త వచ్చెను. ఖమ్మము వారు, "వీసా వచ్చిన పిదప మాటాడుకొందము," అని కబురంపిరి. ఆ ఒక్క మాటతో మా మేనల్లునకు తాను పెండ్లికుమారుడో, వీసాకు జతచేయబడిన కాగితమో తెలిసినది. ముఖాముఖీలు కొన్ని వారములకే మరల మొదలైనవి. కాని వాడు ప్రయాణము వాయిదా వేసి, హైదరాబాదులో ఉద్యోగమున చేరెను. రెండేండ్లు కూడబెట్టి, వేతనము దొరకు చోటికే దరఖాస్తు పెట్టుదునని తండ్రితో చెప్పెను. ఆ మాట చెప్పునపుడు వాని గొంతు వణకెను. చేజారిన ప్రవేశము చిన్న నష్టము కాదు. దానిని నేను తేలికగా చెప్పలేను.

సెప్టెంబరులో మేనకోడలు వెళ్లినది. డిపాజిట్టు రద్దు కాగితము మీద మా తమ్ముడు సంతకము చేసిన దినమున అన్నము తినలేదు. మా మరదలు నేటికిని అప్పుడప్పుడు, "పెండ్లి మాటేమి?" అని నిట్టూర్చుచుండును. ఊరిలో కొందరు నన్ను చాటున తిట్టుచున్నారని వినికిడి. రెండవ సంవత్సరపు ఖర్చు ఇంకను ముందున్నది. కావున మేము గెలిచితిమని నేను వ్రాయుట లేదు. ఇంటిలో ఒక సొమ్ము పేరు మారినదని మాత్రమే వ్రాయుచున్నాను.

నా రెండు లక్షలను నాకు తిరిగి యియ్యవలదని మేనకోడలితో చెప్పితిని. సంపాదన కలిగిన నాడు ఆ సొమ్మును మా మండలములో చదువు ఆగబోవు మరియొక బాలిక కియ్యవలెను. ఆమె ఇంకొకతె కియ్యవలెను. టాటా వంటివారు చేసినది పెద్ద ధనముతో చేసిరి. ఆ పద్ధతికి మాత్రము పెద్ద ధనము అక్కరలేదు. ఏటేట ఉత్సవములకు చందాలు వేసికొనుట ఎరిగిన పల్లెలకు, విద్యకు చందా వేసికొనుట తెలియదనరాదు. ప్రతి గ్రామమున చదువుకొని పైకి వచ్చినవారు పదిమంది కలిసి ఇట్టి తిరుగు నిధి నొకదానిని పెట్టుకొన్నచో, వడ్డీ వ్యాపారి గడపయు, వియ్యంకుని గడపయు తొక్కు అవసరము కొంతైనను తగ్గును.

సోదరీసోదరులారా, మీ యిండ్లలోను కుమార్తె పెండ్లికని దాచిన సొమ్ము ఉండియే యుండును. దానిని దాచుట తప్పని నేననుట లేదు. ఒక్కసారి ఆ కాగితమును బయటికి తీసి, దాని మీద ఎవరి పేరున్నదో చూచి, ఆ పేరు గలదానిని పిలిచి, "దీనితో ఏమి చేయుదువమ్మా?" అని అడుగుడు. మా తండ్రిగారు ఆ రాత్రి నన్ను పిలిచి ఆ ప్రశ్న అడిగియుండిన, నేనేమి చెప్పియుందునో నాకు నేటికిని తెలియును.